రూతు పెట్టని తడిగుడ్డ

అబద్ధం రాసింది నీ చెయ్యి, ఉదయభాస్కర్. నడుము వంచి అర నిమిషం చూడాల్సిన చోట చూడకుండా, కాయితం మీద గీత గీసి పోయింది నువ్వు. ఆ గీతని ఫోన్లోకెక్కించి ముప్పై రెండు ఫ్లాట్లకి పంచింది నువ్వు, శివపార్వతమ్మా. చదివిన వాళ్ళలో ఒక్కరు, కనీసం ఒక్కరు, "ఆ మనిషిని అడిగారా?" అనలేదు. పందొమ్మిది మంది బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఒక మనిషి పేరు చెడగొట్టడానికి మీ అందరికీ కలిపి పట్టింది రెండు నిమిషాలు. ఇంట్లో ఎవరి చెయ్యి తడిగా ఉంటే తప్పు వాళ్ళదేనని మీకెవరు చెప్పారు?

జరిగింది ఇది.

శుక్రవారం పొద్దున పదింటికి టీవీ వచ్చింది. అరవై అయిదు అంగుళాలు. పటమటలో ఆ అపార్ట్‌మెంటు లిఫ్టులో పెట్టె పట్టలేదు. నలుగురు మనుషులు మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకి మోశారు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపున్న వెంకటప్పయ్య ఆ పూట షాపుకి వెళ్ళడం మానేసి, ప్రతి మలుపులోనూ వాళ్ళకంటే ముందు నిలబడి "గోడ, గోడ, గోడరా" అని అరుస్తూ పైకొచ్చాడు. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న రూతు అప్పటికే సోఫా జరిపేసింది. గోడ కింద ఉండే పొట్టి బల్లని తుడిచింది. షోరూము నుంచి వచ్చిన మెకానిక్ ఉదయభాస్కర్ గోడకి తూట్లు వేస్తుంటే రాలిన సున్నం ఎత్తింది, మళ్ళీ రాలితే మళ్ళీ ఎత్తింది.

తెర మీద అంటించిన ప్లాస్టిక్ పొర తీయబోతుంటే వెంకటప్పయ్య భార్య శివపార్వతి అడ్డం వచ్చింది.

"ఉంచెయ్ బాబూ, గీతలు పడవు."

"అది తీస్తేనే బొమ్మండీ మేడం. ఉంచితే ముసుగేసుకుని పెళ్ళి చూసినట్టుంటది."

ఇంటరు చదివే కూతురు కీర్తన ఆ పొరని ఒక మూల పట్టుకుని లాగింది. చర్రుమని పెద్ద చప్పుడుతో వచ్చేసింది. ఉదయభాస్కర్ పెట్టెలోంచి ఒక మెత్తటి గుడ్డ తీసి, ఇంకెవరికీ ఇవ్వకుండా నేరుగా రూతు చేతికే ఇచ్చాడు.

"నువ్వేగా తుడిచేది? విను. తెరకి నీళ్ళు తగలకూడదు. స్ప్రేలూ గీప్రేలూ వద్దు. దుమ్ము పడితే ఈ గుడ్డ, పొడిగా, పైనుంచి కిందకి. అర్థమైందా?"

"అట్టాగేనండీ."

ఆమె ఆ గుడ్డని మడిచి బల్ల సొరుగులో పెట్టింది.

స్విచ్చి వేశాడు. తెర మీద రామచిలక. ఈకకీ ఈకకీ మధ్యనున్న సందు కూడా కనపడింది. తరవాత జలపాతం, తరవాత కోసిన దానిమ్మకాయ. గింజలు కింద పడతాయేమోనన్నట్టు కీర్తన నిజంగానే చెయ్యి చాపింది. వెంకటప్పయ్య మీసం కింద నవ్వాడు. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని రూతు కూడా చూసింది. బాగుంది. బాగున్నది బాగుందనుకోవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కదా.

"పూజ కాకుండానే వేసేశాడు," అని శివపార్వతి గొణిగింది. మెకానిక్ సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాక టీవీ ఆపించి, పళ్ళెం తెచ్చింది. ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టందే వాడరు. ఫ్రిజ్జుకీ పెట్టారు, గ్రైండరుకీ పెట్టారు, మోటారుకీ పెట్టారు. టీవీ అడుగు అంచు మీద వరసగా అయిదు బొట్లు పెట్టింది. ముందు తడిపిన గంధం దట్టంగా అద్ది, దాని మీద కుంకుమ. నడిమి బొట్టుకి సరైన చోటు అక్కడే ఉంది. కంపెనీ పేరు కింద, కందిగింజంత నల్లటి బుడిపె. హారతి ఇచ్చింది. వెంకటప్పయ్య టీవీ ముందే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు గిన్నెలో సగం, నేల మీద సగం పడ్డాయి.

"రూతూ, తడిగుడ్డ పెట్టెయ్, జిగటవుతుంది. టీవీ జోలికెళ్ళకు. ఆ బొట్లు చెరపకు."

"చెరపనమ్మగారూ."

బకెట్టూ గుడ్డా తెచ్చుకుని, టీవీ కింద గొంతుక్కూర్చుని, కొబ్బరినీళ్ళు పడిన రెండు గచ్చు పలకలూ మూడుసార్లు తుడిచింది. అంతే. ఆమె చేసింది అంతే.

సాయంత్రం కింది అంతస్తు ఛాయాదేవీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ కొత్త టీవీ చూడ్డానికి వచ్చారు. పకోడీలకీ టీలకీ రూతుని ఉండమన్నారు. శివపార్వతి పట్టుచీర కట్టుకుంది. కీర్తన టీవీ వేసింది. రామచిలక వచ్చింది గానీ వాన కురుస్తున్న రోజు వచ్చినట్టు వచ్చింది. జలపాతం బూడిద రంగు. దానిమ్మ గింజలు నల్లగా ఉన్నాయి.

"వెలుగు పెంచవే," అన్నాడు వెంకటప్పయ్య.

"పెంచా నాన్నా. వందలోనే ఉంది."

"మరి?"

కీర్తన రిమోట్ నొక్కింది. పలకలేదు. రెండడుగులు ముందుకెళ్ళి నొక్కింది. మళ్ళీ రెండడుగులు. చివరికి చెయ్యి చాపితే తెరకి తగిలేంత దగ్గరికెళ్ళి నొక్కితే పలికింది. ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ రూతుకి అదేంటో వింతగా అనిపించింది. కొత్త రిమోట్‌తో కూడా ఇంత దగ్గరికెళ్ళాలా?

"లైట్లు తీసేయండి వదినా, అప్పుడన్నా బొమ్మ కనపడుతుందేమో," అంది ఛాయాదేవి. లైట్లు తీశారు. "మా పాతదాంట్లో కనీసం ఎవరు ఎవరో తెలుస్తారు. సర్లెండి, సైజు బావుంది."

మిగిలినవాళ్ళు పకోడీల్లోకి చూస్తూ నవ్వారు. శివపార్వతి మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు చూసినప్పుడే రూతుకి తెలిసింది, ఇది ఎవరో ఒకరి మీద పడకుండా పోదని.

శనివారం పదకొండింటికి ఉదయభాస్కర్ మళ్ళీ వచ్చాడు. వచ్చీ రాగానే ఫోను మోగింది. "ఇంకా ఏడు కాల్స్ ఉన్నాయి సార్, ఇక్కడ అయిపోగానే వెళ్తా." రూతు వంటింట్లో గిన్నెలు తోముతోంది. హాల్లో మాటలన్నీ వినపడుతున్నాయి.

వాడు తెరకి ఆనుకున్నట్టు నిలబడి బొమ్మ మోడు మార్చాడు. సినిమా పెట్టాడు, ఆటల మోడు పెట్టాడు, షోరూముల్లో పెట్టే జిగేల్మనే మోడు పెట్టాడు. కొంచెం తేడా, అంతే. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే వైరు పీకి, సంచిలోంచి కొత్త వైరు తీసి పెట్టాడు. అదే చీకటి.

"మీ కేబుల్ బాక్సు పాతదేమో మేడం. బాక్సు హెచ్‌డీ కాకపోతే టీవీ ఎంత పెద్దదైనా లాభం లేదు."

"బాక్సు హెచ్‌డీయేనన్నా," అంది కీర్తన. "నెట్‌లోంచి వీడియో పెట్టినా ఇట్టాగే ఉంది. నిన్న నువ్వు పెట్టిన చిలకే. అదీ ఇట్టాగే ఉంది."

మళ్ళీ ఫోను మోగింది, వాడు కట్ చేశాడు. అరవై అయిదు అంగుళాల తెర మీదంతా చూపు తిప్పాడు గానీ, అడుగు అంచు దగ్గరికి ఒక్కసారి వంగలేదు. వంగితే అయిపోయేది. వంగకుండా ఈ మాట అడిగాడు:

"ఇంట్లో పనామె ఎవరన్నా ఉన్నారా అండీ?"

రూతు చేతిలో గిన్నె ఆగింది.

"ఉంది. ఏం?" అన్నాడు వెంకటప్పయ్య.

"తడిగుడ్డ పెట్టుంటదండీ. తెర మీద కోటింగు ఉంటది. తడి తగిలి లోపలికి దిగితే వెనకాల లైట్లు డల్ అయిపోతాయి. మేం చాలా ఇళ్ళల్లో చూస్తున్నాం."

"మరి వారంటీ?"

"కస్టమర్ వైపు డ్యామేజీకి వారంటీ రాదు సార్. నేను రాసిస్తా, మీరు షోరూములో మాట్లాడుకోండి."

రూతు చెయ్యి కొంగుకి తుడుచుకుని హాల్లోకి వచ్చింది. "నేను తెర ముట్టుకోలేదండీ. నువ్వే చెప్పావుగదయ్యా నిన్న, నీళ్ళు తగలకూడదని? నువ్విచ్చిన గుడ్డ ఇదిగో, ఆ సొరుగులోనే ఉంది, మడత కూడా విప్పలేదు."

ఉదయభాస్కర్ ఆమెని చూడలేదు. పెన్ను తీసి, అట్ట మీద కాయితం పెట్టి, నిలబడే రాశాడు. 'పనిమనిషి తడిగుడ్డతో తుడవడం వల్ల.' వెంకటప్పయ్య సంతకం తీసుకుని, తెచ్చిన కొత్త వైరు మళ్ళీ పీక్కుని, మెట్లు దిగిపోయాడు. మిగిలిన ఏడిళ్ళలో ఏం రాశాడో వాడికే తెలియాలి.

"మెల్లగా అడుగుతున్నా రూతూ," అంది శివపార్వతి. "నిన్న మధ్యాహ్నం తడిగుడ్డ పట్టుకుని దీని ముందే కూర్చున్నావు. నా కళ్ళతో చూశా. తుడిచావా?"

"నేల తుడిచానమ్మగారూ. మీరే పెట్టమన్నారు."

"తుడిచినా తుడిచానని చెప్పు. నేనేమీ అనను."

"తుడవంది తుడిచానని ఎట్టా చెప్పనమ్మా?"

"అదిగో. పాడుచేసినదానికి కాదు నాకు కోపం. అబద్ధం ఆడుతున్నావు చూడు, దానికి. బొట్లు పెట్టిన వస్తువుని తడిగుడ్డతో... మీకా పట్టింపు ఉండదులే."

"మాకు అంటే?"

వెంకటప్పయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. కీర్తన ఫోనులో మొహం దాచుకుంది. రూతు వంటింట్లోకెళ్ళి, సబ్బు నురగలో ఉన్న మిగతా గిన్నెలన్నీ తోమి, కడిగి, బోర్లించింది. సింకు తుడిచింది. సగంలో వదిలి వెళ్ళిందని ఇంకో మాట పడకూడదు కదా. ఆమె చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి వినపడింది: "ఇంక రావద్దులే."

ఆదివారం రూతుకి ఎప్పుడూ సెలవే, ఆ అపార్ట్‌మెంటుకి రాదు. సోమవారం ఆరున్నరకి, చిట్టినగర్ కొండ మెట్లు దిగి, ఆటో ఎక్కి పటమట వచ్చింది. ఆ ఒక్క బ్లాకులోనే ఆమెకి నాలుగిళ్ళు. ఒకటి పోయినా మూడున్నాయనుకుంది. మూడో అంతస్తులో బెల్లు కొడితే ఛాయాదేవి తలుపు జానెడు తెరిచింది.

"నాకు నీ మీదేం లేదు రూతూ. మా ఆయన ఒప్పుకోవట్లేదు. ఇంట్లో లాప్‌టాపులున్నాయి, అవీ ఇవీ ఉన్నాయి."

"నేనేం చేశానమ్మా?"

ఛాయాదేవి ఫోను తిప్పి చూపించింది. అపార్ట్‌మెంటు వాళ్ళ గ్రూపు. శనివారం మధ్యాహ్నం పన్నెండు పది. రూతుకి చదవడం వచ్చు, నిదానంగా చదువుతుంది. ఛాయాదేవి రెండుసార్లు ఫోను వెనక్కి లాక్కోబోయినా, అంచు పట్టుకుని మొత్తం చదివింది. 'మా పనమ్మాయి రూతు కొత్త టీవీని తడిగుడ్డతో తుడిచి పాడుచేసింది. చేయలేదని బొంకుతోంది. మెకానిక్ రాసిచ్చిన కాగితం ఉంది. ఆమె మీ ఇళ్ళల్లో కూడా చేస్తుంది, వస్తువులు జాగ్రత్త.' కింద కాయితం ఫోటో. దాని కింద బొటనవేళ్ళు. పందొమ్మిది.

"వీళ్ళెవరమ్మా పందొమ్మిది మంది?"

"ఏదో... చూశామని పెడతారులే."

"మీరు పెట్టారా?"

ఛాయాదేవి తలుపు మూసేసింది. మిగిలిన రెండిళ్ళలో ఒకళ్ళు తలుపు తీయలేదు. ఇంకొకళ్ళు లోపలి నుంచే "వద్దమ్మా" అన్నారు, బిచ్చగత్తెతో అన్నట్టు. గేటు దగ్గరికొచ్చేసరికి ఏడున్నర కూడా కాలేదు. ఆ టైములో ఆమె ఎప్పుడూ ఎండలో లేదు. ఎవరో ఒకరి సింకు ముందు ఉండేది. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని పనేమైనా ఉందా అని అడిగింది. వాడు పేరడిగాడు, చెప్పింది. "ఓ, ఆ టీవీ..." అన్నాడు. ఈ గోడ ఆ గోడ దూకడానికి మాటకి రెండు రోజులు కూడా పట్టలేదు.

మంగళవారం పొద్దున వన్ టౌన్‌లో ఆరోన్ షాపుకి వెళ్ళింది. ఉల్లిపాయల గోదాముల వెనక సందులో, రెండు మంచాలు పట్టేంత కొట్టు. ముప్పై ఏళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాడు. వరసకి బాబాయి. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే టంకం పెట్టే కడ్డీ ఆపి పక్కన పెట్టాడు.

"తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే లైట్లు డల్ అవుతాయని రాశాడా?" ఆరోన్ నవ్వాడు. మంచి నవ్వు కాదు. "నీళ్ళు లోపలికి దిగితే మరకలొస్తాయి, గీతలొస్తాయి, అసలు వెలగదు. మొత్తం సమానంగా చీకటి పడదమ్మాయ్. ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున బాగుంది. సాయంత్రానికి అట్టా అయింది."

"మధ్యలో ఏం జరిగింది?"

"ఏముంది, పూజ చేశారు. నేను నేల తుడిచా."

"ఇంకేమన్నా వింతగా అనిపించిందా? చప్పుడూ, వాసనా?"

రూతు ఆలోచించింది. "రిమోట్ పలకలేదు బాబాయ్. ఆ పిల్ల తెరకి ఆనుకునేదాకా వెళ్ళి నొక్కింది."

ఆరోన్ నవ్వు ఆగిపోయింది. లేచి, బల్ల మీద వెలుగుతున్న ఎవరిదో టీవీని ఆమె వైపు తిప్పాడు. "ఇట్టా రా. దీని కింద నల్లగా గింజంత ఉంది చూడు. రిమోట్ మాట వినే చోటు అదే. గదిలో వెలుగెంతుందో చూసుకునే కన్ను కూడా అక్కడే ఉంటుంది. పగలైతే బొమ్మ వెలుగు పెంచుతుంది, చీకటైతే తగ్గిస్తుంది, కళ్ళకి బాధ లేకుండా." బొటనవేలు పెట్టి దాన్ని మూశాడు.

ఒకటి, రెండు, మూడు. బొమ్మ మెల్లగా దిగిపోయింది. రంగులు మునిగిపోయాయి. రిమోట్ ఆమె చేతికిచ్చి నొక్కమన్నాడు. పలకలేదు. వేలు తీశాడు. బొమ్మ మళ్ళీ పైకి లేచింది.

రూతుకి శుక్రవారం నాటి పూజ పళ్ళెం కళ్ళ ముందు కనపడింది. గంధం, దాని మీద కుంకుమ, నడిమి బుడిపె. 'ఆ బొట్లు చెరపకు.' చెరపలేదు. నాలుగిళ్ళు పోయింది ముట్టుకున్నందుకు కాదు, ముట్టుకోనందుకు.

"బొట్టు," అంది.

"అయ్యుంటుంది. నేను చాలా చూశా. కొందరు బొట్టు పెడతారు, కొందరు దిష్టిచుక్క పెడతారు. మనవాళ్ళు తక్కువేం కాదు, వాక్యం కార్డు తెచ్చి సరిగ్గా దాని మీదే అంటిస్తారు. తుడిస్తే అయిపోయే జబ్బు. లేదా సెట్టింగుల్లో ఆ వెలుగు చూసుకునేది ఆపేస్తే సగం పోతుంది. ఆ షోరూము వాడికి ఇది తెలియకపోవడం ఉండదు. వంగడానికి తీరిక లేదు, అంతే. పనామె మీద రాస్తే ఎవరూ తిరిగి అడగరని మాత్రం బాగా తెలుసు."

"ఇప్పుడే వెళ్ళి చెప్తా."

"ఆగు." ఆరోన్ గొంతు తగ్గింది. "ఏం చెప్తావు? 'మీ కుంకుమ వల్లే టీవీ చీకటైంది' అంటావా? నువ్వు రూతువి. నీ నోట్లోంచి ఆ మాట వస్తే వాళ్ళకది టీవీ మాటలా వినపడదు. టీవీ పోయి దేవుడొస్తాడు మధ్యలోకి. అప్పుడు పందొమ్మిది కాదు, ముప్పై రెండూ పెడతారు."

"అయితే నోరు మూసుకుని కూర్చోనా?"

"మూసుకోమనట్లేదమ్మాయ్. బొట్టు మాట ఎత్తకు. 'అడుగున నల్ల గింజ మీద ఏదో అంటుకుంది, పొడిగుడ్డతో తుడిపించండి' అను. బొమ్మ వచ్చాక వాళ్ళకే తెలుస్తుంది."

ఆ రోజంతా ఆమె ఆ వాక్యమే లోపల తిప్పుకుంది. ఏదో అంటుకుంది. తుడిపించండి. అవతలివాళ్ళకి నొప్పి తగలకుండా ఎట్టా మాట్లాడాలో నేర్చుకోవాల్సింది ఎవరయ్యా అంటే, దెబ్బ తిన్న మనిషే. కొట్టినవాళ్ళకి ఆ చదువు అక్కర్లేదు.

బుధవారం సాయంత్రం అయిదింటికి నాలుగో అంతస్తు ఎక్కింది. గాలికి తలుపు బార్లా తీసుంది. చెప్పులు విప్పబోతూ తలెత్తింది.

టీవీలో క్రికెట్. గడ్డి పచ్చగా, ఒక్కో పోచ విడివిడిగా ఉంది. బౌలరు నుదుటి మీద చెమట చుక్క జారుతుంటే మెట్ల దగ్గరి నుంచే కనపడింది. కిటికీకి కొత్తగా మందపు కర్టెను కట్టారు, టీవీ అద్దం మీద ఎండ మెరవకుండా. అడుగు అంచు మీద నాలుగు బొట్లున్నాయి. నడిమిది లేదు.

వెంకటప్పయ్య సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. పక్కన శివపార్వతి జంతికల డబ్బా పట్టుకుని కూర్చుంది. రూతుని ముందు చూసింది కీర్తన.

"ఆంటీ..."

"టీవీ బాగైందే," అంది రూతు.

"ఆ ఆంటీ, ఆదివారమే. రిమోట్ పనిచేయట్లేదని నెట్‌లో చూస్తే, కింద సెన్సరు తుడవమని ఉంది. తుడిచా. వెంటనే..." తల్లి చూపు తగిలి ఆగిపోయింది.

ఆదివారం. రూతు వేళ్ళ మీద లెక్కపెట్టలేదు, అక్కర్లేదు. సోమవారం పొద్దున ఛాయాదేవి తలుపు జానెడు తెరిచినప్పటికి ఈ హాల్లో గడ్డి పచ్చగానే ఉంది. వాచ్‌మన్ "ఓ, ఆ టీవీ" అన్నప్పుడూ పచ్చగానే ఉంది. నిన్నంతా తను మాటలు మెత్తగా చేసుకుంటుంటే వీళ్ళు జంతికలు తింటూ మ్యాచ్ చూశారు.

"రా రూతూ, లోపలికి రా," అంది శివపార్వతి, చాలా మంచిగా. "నేనే కబురు చేద్దామనుకుంటున్నా. ఏదో పొరపాటైంది. ఆ మెకానిక్ అట్టా చెప్పాడు, మేమేం చేస్తాం? రేపట్నించి వచ్చెయ్."

"అయిందేదో అయిందిలేమ్మా," అన్నాడు వెంకటప్పయ్య, చూపు బౌలరు మీద ఉంచే.

రూతు లోపలికి వచ్చింది. సోఫాకీ గోడకీ మధ్య ఖాళీలో నడిచి, సరిగ్గా టీవీ ముందుకెళ్ళి, బొమ్మకి అడ్డంగా నిలబడింది. వెంకటప్పయ్య మెడ పక్కకి వంచాడు. ఆమె కదల్లేదు.

"గ్రూపులో ఏం రాశారమ్మగారూ ఆదివారం?"

"ఏం రాయాలి?"

"బాగైందని."

"అదేం బావుంటుంది రూతూ? బొట్టు వల్ల అని రాయమంటావా? పూజ చేసి టీవీ చెడగొట్టుకున్నామంటే నవ్వరూ? ఆ ఛాయాదేవి అసలే..."

"మీ బొట్టు మాట నేను ఎత్తలేదు. ఎత్తకూడదని నిన్నంతా నన్ను నేను ఆపుకున్నా. మీరు పెట్టుకున్నది మీరు పెట్టుకున్నారు, నాకేం పేచీ లేదు. తెలిశాక మూడు రోజులు కూర్చున్నారే, దాని సంగతి చెప్పండి."

"పని ఇస్తానంటున్నాగా! ఇంకేం కావాలి నీకు?"

"మీరొక్కరు ఇస్తారు. మిగిలిన మూడిళ్ళు ఎవరిస్తారు? ఈ వీధిలో నా పేరు చెబితే టీవీ గుర్తొస్తోంది జనాలకి."

"రేపు మాట్లాడుకుందాం, మ్యాచ్ అవనీ..." అన్నాడు వెంకటప్పయ్య.

"రేపు కాదండీ." ఆమె గొంతు పెరగలేదు. తలుపు తీసే ఉంది, మెట్ల మీద ఎవరో దిగుతూ ఆగారు. ఆగనీ. "శివపార్వతిగారూ, ఫోను తీయండి."

ఆరేళ్ళలో మొదటిసారి పేరుతో పిలిచింది. శివపార్వతి డబ్బా పక్కన పెట్టింది. కీర్తన బల్ల మీదున్న తల్లి ఫోను తీసి, ఎవరూ చెప్పకుండానే, తల్లి ఒళ్ళో పెట్టింది.

"అదే గ్రూపులో రాయండి. అప్పుడు నా పేరు రాశారుగా, ఇప్పుడూ పేరుతోనే రాయండి. టీవీకి ఏమీ కాలేదని రాయండి. రూతు తెర ముట్టుకోలేదని రాయండి. ఆదివారమే మీకు తెలుసని, అది కూడా రాయండి. తెలుగు అక్షరాల్లో రాయండి, పంపించే ముందు నేను చదువుతా. వెంకటప్పయ్యగారూ, మీరు షోరూముకి ఫోను చేయండి. ఆ ఉదయభాస్కర్‌ని పిలిపించండి. వాడు రాసిన కాయితం వాడి చేత్తోనే కొట్టేసి, ఏం జరిగిందో నా ముందు మళ్ళీ రాసి, సంతకం పెట్టాలి. మీ ఇంట్లో పని చేయాలా వద్దా అనేది ఆ తరవాత నేను చెప్తా. ముందు రాయండి. నేను ఇక్కడే నిలబడతా. రాయండి."